మూడో మెట్టు

బెంజి సర్కిల్ దగ్గర
పొద్దున ఎనిమిదీ ఇరవైకి పార్కు బస్సు.
ఒంటి నిండా నీలం చేపలు,
తలుపు పక్కన ఏనుగు.

మూడుసార్లు ఫోను చేశాను.
మొదటిసారి చూస్తామన్నారు.
రెండోసారి కుర్చీ మడతపడుతుందా అన్నారు.
కుర్చీ పడుతుంది, నేను పడను, అన్నాను.
మూడోసారి ఎత్తిన కుర్రాడెవడో
రండి సార్, పలక ఉంది, అన్నాడు.

డ్రైవరు ఏదో మీట నొక్కాడు.
బుస్సుమని గాలి వదిలి
బస్సు నా వైపుకి ఒంగింది,
కాలవ గట్టున పడుకోబోయే గేదె
ముందుకాళ్ళు మడిచినట్టు.
నలభై ఏళ్ళు బస్సుల మీద బతికినవాణ్ణి,
బస్సు ఒంగడం ఇదే చూడ్డం.

ఆటోనగర్‌లో నా చేతి మీదుగా
రెండొందల పైచిలుకు బాడీలు పోయాయి.
ఎముకల గూడులా వచ్చేది ఛాసిస్.
రేకు తొడిగి, రంగులోళ్ళకి అప్పజెప్పేవాళ్ళం.
మెట్లు మాత్రం నావే.
నేల నించి మొదటిది పదహారంగుళాలు,
ఆపైన పన్నెండు, ఆపైన పన్నెండు.
అయిదు రివిట్లు, బెత్తెడు ఖాళీ, మళ్ళీ అయిదు:
అది నా సంతకం.
ఎందుకంత ఎత్తని ఎవరూ అడగలేదు,
అడిగింది మా అమ్మ ఒక్కతే.
ఓ చేత్తో కుచ్చిళ్ళు, ఓ చేత్తో కడ్డీ,
గుంటూరు బస్సెక్కుతూ
"ఎవడు చేశాడ్రా ఈ మెట్లు, వాడి చేతులు విరగ!"
నేనేనని చెప్పలేదు.
నవ్వు ఆపుకున్నాను.

చేతులు విరగలేదు.
తొమ్మిదేళ్ళ కిందట జాకీ జారింది.
ఆ సంగతి ఇంతే.

మస్తాను పలక దించాడు. గళ్ళ రేకు.
వెల్డింగు చూశాను.
నడిమధ్య పూసలు గుచ్చినట్టుంది,
ఎడమ మూల ఎవడో నిద్రమొహంతో అంటించాడు.
"బాబూ, ఆ మూల మళ్ళీ కొట్టించు,
వానాకాలం దాకా ఆగదు."
కుర్రాడు నా కాళ్ళకేసి చూళ్ళేదు,
మూలకేసి చూశాడు.

వెనక ఒకావిడ వాచీ చూసి, నన్ను చూసి,
మళ్ళీ వాచీ చూసింది.
ఒక బుడ్డోడు నేనూ పలక మీంచే అని ఏడ్చి
పలక మీంచే ఎక్కాడు.
వాడి వెనకాల చంకలో పాపతో వాళ్ళమ్మ,
ఆవిడ వెనకాల మోకాళ్ళు పట్టుకుంటూ వాళ్ళ నానమ్మ,
ఆ వెనకాల మంచినీళ్ళ డబ్బా.

నాలుగు పట్టీలు, నాలుగు కొక్కేలు.
కుర్చీని వెనక్కి తిప్పి కట్టాలట, రూలు.
అందరూ ముందుకి చూస్తున్నారు,
నేను అందర్నీ చూస్తున్నాను.
స్క్రూ బ్రిడ్జి దాకా కిటికీల్లో దాక్కున్నారు.
తర్వాత ఒకాయన జంతికల పొట్లం చాపాడు.

వారధి మీద,
వాళ్ళకి రాబోయే ఒడ్డు,
నాకు వదిలేసిన ఒడ్డు.
ఇసుక మేటలు, గేట్ల వరస, అమ్మవారి కొండ
చిన్నవవుతున్నాయి గానీ పోవు.
షారోను నా భుజం మీద గడ్డం ఆనించి
ముందున్నవి చెబుతోంది.
"తాతా, ఇటికల లారీ! తాతా, గొర్రెలు!"
అది అన్నాక, ఓ గుక్కెడు ఆలస్యంగా
నా అద్దంలోకి లారీ వస్తుంది,
గొర్రెలొస్తాయి.
ముందు పేరు, ఆ తర్వాత ప్రాణి.

మంగళగిరి దాటాక పార్కు.
లోపల చుట్టూ తిప్పడానికి ఇంకో బస్సు,
పైకప్పు కోసేసి, పసుపు పులిమి,
జిరాఫీ మచ్చలేశారు.
పలక లేదు. మూడు మెట్లు.
షారోను ఎక్కి వెనక్కి చూసింది.

వంగి, మచ్చల కింద వేలు పెట్టి తడిమాను.
అయిదు. బెత్తెడు. అయిదు.

"ఎవడు చేశాడ్రా ఈ మెట్లు," పైకే అనేశాను.
"తెలీదు సార్, పాత బండి," అన్నాడు మస్తాను.
"నాకు తెలుసు.
టేపుందా?"