ఎల్బర్ట్ నడుముకి రెండు పిడులు

మా నాన్న గుర్రపు జీనులు కుట్టేవాడు.
హాలోవెల్ కాలేజీ కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ పిచ్చి పట్టాక
జీనుల మధ్య బంతి కూడా వేలాడేది మా కొట్లో,
గుమ్మడికాయో పుచ్చకాయో
ఎటూ తేల్చుకోలేని తోలు ముద్ద.
లోపలి రబ్బరు తిత్తిలోకి గాలి నేనే ఊదేదాన్ని,
నాన్న పాత పైపు కాడ నోట్లో పెట్టుకుని,
చెవులు గుయ్యిమనేదాకా.

ఆటంటే మీరిప్పుడు చూసే ఆట కాదు.
బంతిని ముందుకి విసిరితే తప్పు.
మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు.
ఆ ఐదు గజాల కోసం పదకొండుమంది
ఒకరి నడుం ఒకరు పట్టుకుని
కోట తలుపు బద్దలుకొట్టే దూలంలా పోవడమే.
తలకి రక్షణ జుట్టొక్కటే.
జూన్ నుంచీ క్షవరం మానేసేవాళ్ళు;
మంగలి ష్వెంక్ ఆకులు రాలేదాకా ఈగలు తోలుకునేవాడు.
ముక్కుకి రబ్బరు తొడుగు ఒకటుండేది,
జట్టు మొత్తానికీ ఒక్కటే.
ముందే విరిగిన ముక్కుకి హక్కు.

మైదానం డీకన్ ట్రస్క్ గారి పచ్చిక బీడు.
శుక్రవారం సాయంత్రం ఆవుల్ని తోలేసి
శనివారం పొద్దున సున్నం గీతలు గీసేవాళ్ళు.
ఆవులు వదిలి వెళ్ళినవి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు,
అవతలివాళ్ళూ వాటిలోనే పడతారు కదా అని.

కమ్మరి బార్నబీ ష్టాక్ మంగళవారం కాలేజీలో చేరాడు,
గ్రీకు చదవడానికట.
ఆదివారానికి మళ్ళీ కొలిమి దగ్గరున్నాడు,
జేబులో పది డాలర్లతో, గ్రీకు అక్షరం ఒక్కటీ లేకుండా.
అవతలి కాలేజీ ఫిర్యాదు చెయ్యలేదు.
వాళ్ళ జట్టులో నడిమధ్య నిలబడేవాడికి
ముగ్గురు పిల్లలు.

అక్టోబరులో కెప్టెన్ ఓరిన్ పెటింగిల్ వచ్చి
కాన్వాస్ పంట్లాం బల్లమీద పరిచాడు.
"ఇక్కడొకటి, ఇక్కడొకటి. పిడులు కావాలి ఒటిలీ,
ట్రంకుపెట్టెకుంటాయే, అలాంటివి."
ఎవరిదని అడగలేదు. నడుం కొలత చూస్తే తెలిసిపోయింది.
నూట ముప్పై పౌన్ల ఎల్బర్ట్ క్విగ్లీ.
చర్చిలో మా వెనక బెంచీ,
పాట రానప్పుడు పెదాలు మాత్రం కదిపేవాడు.

ఎల్బర్ట్ బంతిని పొట్టకి హత్తుకుంటాడు.
ఇద్దరు ఆ పిడులు పట్టుకుని
ఊపి
గుంపు మీదుగా అవతలికి విసురుతారు.
బంతిని విసరకూడదు.
మనిషిని విసరొచ్చు.

జంట దారం తీసుకున్నాను, తేనెమైనం పట్టించాను.
జీను పట్టీకి వేసే కుట్టు, అంగుళానికి ఎనిమిది.
నాన్న బల్లకి కాలు తన్నిపెట్టి లాగి చూశాడు.
"గుర్రం తెగాలిగానీ ఇది తెగదు" అన్నాడు.
ఆ మెచ్చుకోలు కోసం చెవి కోసుకునేదాన్ని అప్పట్లో.

మొదటిసారి విసిరినప్పుడు ఊరంతా నవ్వింది,
అవతలివాళ్ళు కూడా.
గడ్డివామి మీంచి దూకిన పిల్లిలా పడి లేచాడు. ఏడు గజాలు.
రెండోసారి ఎవరం నవ్వలేదు. అరిచాం.
బగ్గీ చక్రం మీదెక్కి నేనూ అరిచాను.
మూడోసారి, అతను ఇంకా గాల్లో ఉండగానే
మనవాళ్ళు పిడులు పట్టి ముందుకి లాగారు,
వాళ్ళు చీలమండలు పట్టి వెనక్కి లాగారు.
ఎవరూ వదల్లేదు.
కుట్టూ వదల్లేదు.

ఓ పశువుల కొట్టం తలుపు ఊడదీసి
దానిమీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు.
ఆట తర్వాత కూడా సాగింది;
ఎంతకి గెలిచారో ఎవరైనా చెబుతారు.

మార్చిలో మిసెస్ క్విగ్లీ కొట్టుకి వచ్చింది.
కత్తెరతో కోసిన పంట్లాం, మడతపెట్టి, ఉతికి.
దాన్నుంచి పిడులు తీసి కుర్చీకి వెయ్యమంది.
విప్పడానికి నాకు సగం రోజు పట్టింది.
రెండు సూదులు విరిగాయి.

ఆదివారాలు ఓరిన్ ఒక పక్కా, బార్నబీ ఒక పక్కా
పట్టుకుని ఎత్తుతారు,
మెల్లగా, అడుగు చూసుకుంటూ.
చర్చికి నాలుగే మెట్లు.
కొలిస్తే ఐదు గజాలు కూడా ఉండవు.