చీటీ చింపే పోరడు

మార్చి నెల ఎనుమాముల యార్డుల
ఏడవనోడు ఉండడు.
దడ్వాయి ఏడుస్తడు, అడ్తిదారు ఏడుస్తడు,
చాయ్ అమ్మే పిలగాడు మూతికి తువ్వాల కట్టుకొని మరీ ఏడుస్తడు.
అందుకే ఓదెమ్మ ఎడమ కన్ను
కొంచెం కిందికి, కొంచెం ముక్కు దిక్కు
జరుగుతుంటే ఎవరికీ అనుమానం రాలేదు.
"తేజ కాయ ఘాటు" అనుకుంది ఆమె కూడా,
రాలిన మిరపకాయలు ఊడ్చి కుప్ప చేసుకుంటూ.
కాశిబుగ్గ ఆరెంపీ మూడు నెలలు చుక్కల మందు పోశాడు.

కనుబొమ్మ తోక కింద, ఎముక గూట్లో
బాదం గింజంత గ్రంథి.
కన్నీళ్లు ఊరే చోటు.
పుండు మొలిచింది అక్కడ.

నేను ఓదెమ్మను మొదట చూసింది మనిషిగా కాదు,
మైనం దిమ్మగా.
రాజలింగం సార్ దాన్ని పొరలు పొరలుగా కోసి
గులాబీ, ఊదా రంగులద్ది ఇచ్చాడు.
కటకం కింద జల్లెడ.
మాట వరసకు కాదు, నిజంగా జల్లెడే:
గుండ్రటి చిల్లులు, వాటి చుట్టూ
నల్లగా కిక్కిరిసిన కణాలు.
అంచున ఒక నరం.
ఆ నరం వెంట, పొలం గట్టు దొరికినట్టు,
అవి వరుసగా నడిచిపోతున్నయి.
రాత్రిళ్లు ఆమె కణత పట్టుకొని కూర్చునేది
ఇందుకేనన్నమాట.

ఇక నా పని.
ఇరవై రెండు అక్షరాలు, ఒకటి అటూ ఇటూ.
మైక్రో ఆర్‌ఎన్‌ఏ.
దానితో ఒంట్లో ఏ ప్రోటీనూ తయారు కాదు.
పాత పుస్తకాల్లో అరసున్న లాగ
పలకదు, ఉంటుంది.
'పెరుగు' అంటూ పోయే కబురుకు అడ్డం పడి
సగం దారిలో నోరు మూయిస్తుంది.

మిషన్ తెర మీద గీతలు లేస్తాయి.
ఎంత ఆలస్యంగా లేస్తే అంత తక్కువ ఉన్నట్టు.
ఓదెమ్మ గీత ముప్పై నాలుగో చుట్టు దాకా లేవలేదు.
పక్కనే ఇంకో గీత, పొద్దున్నే నిద్రలేచినట్టు,
పద్దెనిమిదికే నిటారుగా నిలబడింది.
అది ఆపేది ఏ మాటనో తెలుసా?
'ఆగు' అనే మాటను.

కన్ను తీసేశాక ఎంజీఎం వరండాలో కలిసింది.
పచ్చ గుడ్డ కట్టు, ఒళ్లో పల్లికాయలు.
"నా కంట్ల ఏం దొరికింది బిడ్డా?"
అక్షరాలన్నాను, కబురన్నాను, తడబడ్డాను.
పల్లికాయ పగలగొట్టి నా చేతిలో పెట్టింది.

"గంతేనా?
యార్డు గేటుకాడ చీటీ చింపే పోరడు లేడా!
వాడు జరమొచ్చి పండుకున్న దినం
లారీలు ఆగినయా?
తూకం గాని బస్తాలు గూడ ఎల్లిపోయినయి."

నాలుగేళ్లు చదివాను నేను.
ఈ ముక్క ఎక్కడా తగల్లేదు.

"మల్ల ఆ పోరన్ని తోల్కొస్తరా మరి?"
ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు.
'ఎలుకల్లో' అన్నట్టున్నాను.
ఆమె గట్టిగా నవ్వి కట్టు కింద నొప్పికి ఆగింది.
"ఒంటి కంటితోని ఏడిస్తే
సగం కూలే ఇస్తరేమో సేట్లు."

మా దగ్గరున్నవి పదకొండు నమూనాలు.
పదకొండుతో ఏదీ రుజువు కాదని
మేడం ఎర్ర సిరాతో రాసింది. నిజమే.
ఆమె గొట్టం మీద పేరుండదు, ఏడు అని ఉంటుంది.

నిన్న రాత్రి హన్మకొండలో కరెంటు పోయింది.
మూడంతస్తులు ఉరికాను,
మైనస్ ఎనభై పెట్టె తలుపు మీద అరచేయి ఆనించి
జనరేటర్ అందుకునేదాకా నిలబడ్డాను.
ఏడు మంచులోనే ఉంది.
మెట్లు దిగుతుంటే ఎనుమాముల దిక్కు నుంచి
గాలి మళ్లింది.
తుమ్మాను.