కోరం

జూన్ మొదటి బుధవారం, పొద్దున ఏడు.
వెల్డాలో ధాన్యం గోదాము పక్క కాఫీ హోటల్లో
డ్రై ఫోర్క్ కాన్ఫరెన్స్ వార్షిక సమావేశం.
హాజరైన స్కూళ్ళు: మూడు.
ఉన్నవీ మూడే.
మినిట్స్ రాసేది నేను, ట్వైలా బ్రెకీని.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే పుస్తకం.

మొదటి పేజీలో పదకొండు పేర్లున్నాయి,
ఎవరో లెక్కల మాస్టారి చేతిరాత,
ఒక్కో పేరు కింద స్కేలు పెట్టి గీసిన గీత.
ఆస్మండ్ కందిరీగలు. వెల్డా పొట్టేళ్ళు.
నార్‌బీ వాళ్ళకి ఏ జంతువూ నచ్చక
'రైతులు' అని పెట్టుకున్నారు,
ఎదుటి జట్టులో ఉన్నదీ రైతులే అయినా.

టూ క్రీక్ స్కూలు మూసిన రోజు
ఎవరూ ఏడవలేదు.
సెప్టెంబర్ వచ్చాక, మొదటి శుక్రవారం రాత్రి,
ఎటు వెళ్ళాలో తెలీక
కార్లు ఊరి చుట్టూ తిరిగాయి.
దీపాలు లేని మైదానం దగ్గర కాసేపు ఆగాయి,
ఇంజన్లు ఆపకుండానే.

ఆ తర్వాత అతుకులు.
ఆస్మండ్-హెల్విగ్.
ఆస్మండ్-హెల్విగ్-నార్‌బీ.
ఆ పేరు స్కోరుబోర్డు మీద పట్టలేదు,
చొక్కాల వీపున రాస్తే
రెండు చివరలూ చంకల్లోకి దూరాయి.
కందిరీగా రైతూ కలిస్తే ఏమవుతారు?
పిల్లలు ఓటేసి 'తుఫాను' అన్నారు.
నార్‌బీ ముసలాళ్ళు ఇప్పటికీ పాత టోపీలతోనే వస్తారు.
కోతల ముందు తుఫానుకి చప్పట్లు కొట్టమంటే
చేతులెలా వస్తాయమ్మా, అంటారు.

పదకొండు మంది ఆడే కోలబంతి ఆట
ఎనిమిదికి దిగి, ఆరుకి దిగింది.
వంద గజాల మైదానం ఎనభై అయింది.
మిగిలిన ఇరవై గజాల గడ్డీ
కెర్మిట్ హాగెన్ కోసుకుపోయి దూడలకి వేస్తాడు.
గోల్ గీత మేసి పెరిగిన దూడలివి అని
సంతలో బేరం పెంచుతాడు.

మినిట్స్‌లో ఎక్కని సంగతొకటి ఇక్కడ రాస్తున్నాను.
పోయిన అక్టోబరులో తుఫాను జట్టుకి
ఇద్దరు దెబ్బతగిలి నలుగురే మిగిలితే,
వెల్డా కోచ్ తన బెంచీ మీంచి
జోరీ స్లెటన్‌ని లేపి అటు పంపాడు.
చొక్కా తిరగేసి తొడుక్కుని వెళ్ళిన కుర్రాడు
సొంత జట్టు మీదే రెండు టచ్‌డౌన్లు చేశాడు.
వాళ్ళమ్మ మొదటిదానికి నోరు నొక్కుకుంది.
రెండోదానికి లేచి నిలబడింది.
అంపైర్లిద్దరూ ఆకాశం చూశారు.
నిబంధనలు ఒప్పుకోవు మరి.

ఈ పొద్దున వెల్డా సూపరింటెండెంట్ లైల్ ఎంగెన్
కప్పు పక్కకి జరిపి, కాగితం చూసి చదివాడు.
వచ్చే ఏడు మేం తూర్పు కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నాం,
ఒక్కో ఆటకి నూట పది మైళ్ళు, అయినా తప్పదు.
కనుక దీన్ని రద్దు చేద్దామని ప్రతిపాదన.
పైన్ బట్ మనిషి దగ్గాడు.
దాన్ని బలపరచడం కింద రాయాలా వద్దా అని
నేను పెన్ను ఆపి, నియమాల పేజీ తీశాను.

పదిహేడో నియమం:
రద్దుకి ఐదు సభ్య స్కూళ్ళ సమ్మతి కావాలి.
వదిలి వెళ్ళడానికీ అంతే.
నియమం మార్చాలంటే ఆరు.

లైల్ మమ్మల్ని లెక్కపెట్టాడు.
మళ్ళీ లెక్కపెట్టాడు,
ఈసారి కాఫీ పోస్తున్న పిల్లని కూడా కలుపుకుని.
"చావడానికి కూడా మంది చాలరు మనకి" అన్నాడు కెర్మిట్,
పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ.
నవ్వింది ముందు లైలే.

తర్వాతి అంశం: అంపైర్ల పెట్రోలు ఖర్చు.
మైలుకి రెండు సెంట్లు పెంచాం.
ఆ తర్వాతిది: షెడ్యూలు.
మూడు జట్లే గదా, ఎంతసేపు.
ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళతో మూడుసార్లు.

లేచి టోపీ పెట్టుకున్న లైల్
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.
ట్వైలా, అక్టోబరు తొమ్మిది మా ఊళ్ళోనే పడేట్టు చూడు.
మా బ్యాండులో ట్రంపెట్ ఒక్కటే,
ఊదే పిల్లది ఆ రోజు పుట్టినరోజు.

పెన్సిల్‌తో రాశాను.
కాసేపాగి, దాని మీద సిరా దిద్దాను.