ఒక యూరో గోడ

ట్రియెస్తేలో పుట్టినవాళ్ళెవరూ
ట్రియెస్తే పటం కొనరు.
ఫుల్వియా కొంది,
స్టేషన్ పక్క కొట్లో, మూడు యూరోలకి, బేరమైనా ఆడకుండా.
"ఇవాళొక్క రోజు మనకీ ఊరు తెలీదు" అంది.
సరే అన్నాం. జూన్ నెల, మంగళవారం,
నాలుగు వేరువేరు అబద్ధాలు చెప్పి
పని ఎగ్గొట్టి వచ్చిన నలుగురం.

జోర్కో ముప్పై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతాడు.
ఊరంతా అతనికి అద్దంలో కనబడేదే,
దిగి చూసింది లేదు.
ఇవాళ కిటికీ పక్కన కూర్చున్నాడు
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.
ప్రతి మలుపు దగ్గరా
కుడికాలు, లేని బ్రేకుని తొక్కుతోంది.

నేను తాళంచెవులు చేస్తాను.
నడుస్తుంటే తలుపులే కనిపిస్తాయి నాకు:
ఆ ఆకుపచ్చది, నా చేతి పనే.
ఆ మూడో అంతస్తు ముసలాయన నెలకోసారి పారేసుకుంటాడు.
"తలెత్తి మేడలు చూడవే" అంటుంది ఫుల్వియా.
చూశాను. గుమ్మం మీద రాతి మొహం ఒకటి,
ముక్కు విరిగింది, పొగరు విరగలేదు.
నలభై తొమ్మిదేళ్ళుగా దాని కిందనించే పోతున్నానట.

కోటకి ఎక్కాం. ఆయాసం మాత్రం నటన కాదు.
పైన టుల్లియో పటం తలకిందులుగా పట్టుకుని
సముద్రాన్ని తూర్పున పెట్టేశాడు.
ఎవరూ దిద్దలేదు.
కిందికొచ్చి ఒక పోలీసుని దారడిగాం, నవ్వాపుకుంటూ.
పాపం ఎంతో మర్యాదగా
తప్పు దారి చూపించాడు.
ఆ దారినే వెళ్ళాం.

కాఫీ కొట్లో ఫుల్వియా
పరాయి మనిషిలా తప్పు పేరుతో అడిగింది.
కొట్టాయన ఆమెని ఇరవై ఏళ్ళుగా ఎరుగును.
ఏమీ అనకుండా రోజూ ఇచ్చేదే ఇచ్చాడు,
గాజు గ్లాసులో, నురగతో.

మధ్యాహ్నం స్నానాల ఒడ్డుకి.
మీరు నమ్మరు గానీ, అక్కడ
గులకరాళ్ళని నిలువునా కోస్తూ
తెల్లటి గోడ ఒకటి నీళ్ళలోకి దిగుతుంది.
ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు.
అమ్మమ్మల కాలం నాటిది.
తీసేద్దామంటే ముందు కొట్లాటకొచ్చేది మా ఆడవాళ్ళే.
మనిషికి ఒక యూరో.

ఫుల్వియా, టుల్లియో విడిపోయి రెండేళ్ళు.
వాళ్ళ పెళ్ళికి సాక్షి సంతకాలు నావీ జోర్కోవీ.
మేం మాత్రం ఎవర్నీ వదులుకోలేదు.
తువ్వాలు పరిచి, వెల్లకిలా పడుకుని,
కళ్ళు మూసుకునే అంది ఫుల్వియా:
"మా ఇంట్లో ఇలాంటి గోడొకటి ఉండుంటే
ఇంకా కలిసే ఉండేవాళ్ళం."
పక్క తువ్వాలు మీది ముసలావిడ
నవ్వితే పొట్టంతా కదిలింది.

ఎండ ముదిరింది.
ఉన్నట్టుండి లేచి కూర్చుంది.
"టుల్లియో!" గోడకేసి కేకేసింది,
"భుజాలకి రాసుకున్నావా?"
అటునించి చప్పుడు లేదు.
రాసుకోలేదని అర్థం.
ఇరవై రెండేళ్ళు కాపురం చేసినవాళ్ళకే
అర్థమయ్యే చప్పుడు లేకపోవడం అది.
సన్‌స్క్రీన్ ట్యూబు గోడ మీంచి విసిరింది.
ఎవరి నెత్తినో పడ్డట్టుంది,
స్లొవీన్‌లో ఒక తిట్టు వినబడింది,
అది జోర్కోదే.
కాసేపటికి బదులుగా ఒక పీచ్ పండు ఎగిరొచ్చి
ముసలావిడ ఒళ్ళో పడింది.
ఆవిడ దాన్ని తువ్వాలుకి తుడుచుకుని తినేసింది.

తర్వాత ఈదాం.
గోడ ఎంతో దూరం పోదు నీళ్ళలోకి.
ఆఖర్న ఒక తాడు, తేలే బంతులు నాలుగు, అంతే.
అక్కడ మా నాలుగు తలలూ.
నీళ్ళు చల్లగా ఉన్నాయని
తలా ఒకసారి అనుకున్నాం.
టుల్లియో భుజం మీద తెల్లగా, రాసీ రాయనట్టు, క్రీము.
సరిచేద్దామని చెయ్యి చాచింది ఫుల్వియా.
మధ్యలో ఏం గుర్తొచ్చిందో,
చాచిన ఆ చేత్తోనే బారవేసి
ఒడ్డుకేసి తిరిగింది.

సాయంత్రం బస్సు నడిపేది కొత్త కుర్రాడు, జోర్కోని ఎరగడు.
మా తడి జుట్లూ చేతిలో పటమూ చూసి
"ఏ ఊరినించండీ?" అన్నాడు.
ఫుల్వియా ఏదో ఊరి పేరు వెతుక్కుంటోంది,
అబద్ధం ఇంకా అయిపోకూడదని.
ఈలోగా జోర్కో ముందుకి వంగి,
"మలుపొస్తోంది బాబూ" అన్నాడు,
"కాస్త మెల్లగా."