రెండు క్వివర్లు

లడ్లోలో వంతెన దిగాక మూడో కొట్టు.
మెర్విన్ గ్విల్ట్ అక్కడ నలభయ్యారేళ్లుగా తోలు కుడుతున్నాడు.
గుర్రాలకు జీనులు, కుక్కలకు మెడపట్టీలు,
శనివారాలు విల్లు పట్టే వాళ్లకు
అమ్ములపొదులు.

అమ్ములపొదిని వాళ్లు క్వివర్ అంటారు.
సన్నగా వణకడాన్ని కూడా
క్వివర్ అనే అంటారు.

ఇన్నేళ్లూ ఆ రెండు మాటలూ
ఒకే గోడకు అటొకటి ఇటొకటి కాపురముండి
ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.
ఫిబ్రవరిలో ఒక పొద్దున
మైనం రాసిన దారం
సూదిబెజ్జం చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసి
లోపలికి పోనని మొరాయించినప్పుడు
గోడలో ఇటుక కదిలింది.

డాక్టరమ్మ చాలా మాటలు చెప్పింది.
ఆయన చెవిన పడింది ఒక్కటే.
తిరుగు బస్సులో దాన్నే నములుతూ,
"ఊరందరికీ కుట్టిచ్చాను,
నాకూ ఒకటి రావద్దూ" అన్నాడు,
పక్క సీటులో ఎవరూ లేకపోయినా.

పని నేర్చుకునే పిల్ల రోవెనా బెడోస్‌కి పందొమ్మిదేళ్లు.
చర్చి పాతసామాన్ల అమ్మకంలో
అట్ట ఊడిన నిఘంటువొకటి కొనుక్కొచ్చింది.
మధ్యాహ్నం రొట్టె తింటూ,
పేజీల మధ్య జున్ను పొడి రాలుస్తూ
బయటికి చదివింది.

"పొది అనే మాట ఫ్రెంచి వాళ్ల వెంట వచ్చింది.
అంతకుముందు జర్మను తెగల నోట ఉండేది.
ఇంకా వెనక్కి పోతే
గుర్రాల మీద హూణులున్నారని కొందరి అనుమానం."
"దుమ్ములో ఏం కనిపిస్తుందిలే" అన్నాడాయన.

"రెండోది ఈ నేలదే.
దాని ముత్తాతకి వణుకని అర్థం లేదు."
"మరి?"
"చురుకు."
పిల్ల వేలు గీత కింద ఆగిపోయింది.
"ప్రాణంతో ఉండటానికి వాడే పాత మాటతో
చుట్టరికం ఉండొచ్చట.
ఉండొచ్చు అనే రాశారు."

ఇక్కడ నేను కాస్త అడ్డు వస్తాను.
తెలుగులో నా దగ్గర వణుకులకి కరువు లేదు.
చలికి గజగజ, భయానికి గడగడ,
పెదవికి అదురు, దీపానికి రెపరెప,
నిండని కుండకి తొణుకు.
ఒక్కటీ బాణాలు మొయ్యదు.
ఒక్కటీ తన చిన్నప్పుడు
చురుకుదనంగా బతికానని నాతో చెప్పలేదు.
అందుకే పరాయి కొట్టు గుమ్మంలో నిలబడి
ఇంతసేపు వింటున్నాను.

మెర్విన్ సూది ఎత్తి కిటికీ వెలుగుకి పట్టాడు.
వెలుగు కూడా ఊగింది.
"అంత చురుకైతే
ఆ పుస్తకాన్నే దారం ఎక్కించమను."

శనివారం మైదానంలో డిల్లిస్ ప్రీస్,
ముప్ఫయ్యేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి,
కొత్త పొది నడుముకి కట్టుకుని
ఆరు బాణాలు వేసింది.
ఐదు గడ్డిలోకి పోయాయి, ఒకటి బోర్డుకి తగిలింది.
ఇచ్చి వెళ్లిపోయే మనిషి ఎందుకో ఆ రోజు ఆగాడు.
ఈల వేశాక ఆమెతో పాటు నడిచి
బోర్డులోని బాణం పట్టుకున్నాడు.

చేతిలో ఉన్నంత
బాణం తోకకి పాకింది.
ఈకల దగ్గర ఇంకాస్త పెద్దదై
తూనీగ రెక్కలా ఆడింది.

గడ్డిలో వెతుకుతున్న డిల్లిస్ తలెత్తి
"అబ్బ, గట్టిగానే తగిలినట్టుంది,
ఇంకా ఆడుతోంది చూడు!" అంది.

ఆయన కాదనలేదు.
చెయ్యీ తియ్యలేదు.

సోమవారం నుంచి రోవెనా
పొద్దున్నే పది సూదులకి దారమెక్కించి
బల్ల అంచున వరసగా గుచ్చి పెడుతోంది.
ఆయన కుడుతున్నాడు.
ఎనిమిది కుట్లు తిన్నగా,
తొమ్మిదోది దారి తప్పి,
తర్వాత మూడు దాన్ని వెతుక్కుంటూ.

కొత్త పొదులు గోడకి వేలాడుతున్నాయి.
కుట్టు వంకర అందరికీ కనిపిస్తూనే ఉంది.
ధర మాత్రం
ఒక్క పెన్నీ తగ్గించలేదు.