పోటు

ఫిషింగ్ హార్బరు గేటు పక్క నల్లబోర్డు మీద
పోటు ఎన్నింటికో, ఆటు ఎన్నింటికో
సుద్దముక్కతో రాసి పెడతారు రోజూ.
అంతటి సముద్రం వేళ తప్పదు.
నా పోటుకే తిథీ వారం లేదు.

పోయిన నెల పదకొండున వచ్చి
ఇరవై ఆరున వదిలింది.
నాలుగు రోజులైనా కాలేదు, మళ్లీ తలుపు తట్టింది
వారం వడ్డీవాడిలాగ.
అంతకు ముందు రెండు నెలలు జాడే లేదు.
నలభై ఒకటో ఏట కడుపేమోనని
దేవుళ్లందరికీ మొక్కుకున్నాను
వద్దని.

కిరాణా కొట్టు క్యాలెండరు మీద
ఎర్ర స్కెచ్చి పెన్నుతో గుర్తులు పెట్టుకుంటాను.
మావాడు చూసి
"అమ్మా, నీకు ఇన్ని సెలవులా!" అన్నాడు.

రొయ్యల షెడ్డులో తెల్ల కోటు, తెల్ల టోపీ.
తెలుపే ఎందుకో
ఆ పెట్టినవాళ్లలో ఒక్కడికైనా నెల వస్తే తెలిసేది.
చీలమండల దాకా ఐసు నీళ్లు,
వలిచిన కిలోకి ఇంతని లెక్క.
లేచి వెళ్తే కిలోలు పోతాయి,
వెళ్లకపోతే కోటు పోతుంది.
రెండు ప్యాడ్లు, మధ్యలో పాత చీర మడత,
పైన మావాడికి బిగుతైపోయిన నిక్కరు.
ఇదీ నా కోట.
గంటన్నర ఆగుతుంది.

ప్యాకెట్టు నలభై రెండు రూపాయలు.
మందుల షాపు కుర్రాడు కాగితం చుట్టి,
నల్ల కవర్లో పెట్టి,
అటు చూస్తూ ఇస్తాడు.
సిగ్గుకి మాత్రం బిల్లు వెయ్యడు,
ఆ కొట్లో అదొక్కటే ఉచితం.

ఈఎస్ఐ కార్డు అడిగితే మేస్త్రీ నవ్వుతాడు.
ఆర్నెల్లకోసారి నన్ను పనిలోంచి తీసేసి
మర్నాడే మళ్లీ పెట్టుకుంటాడు.
వాడి పుస్తకంలో ఒకసారి వరహాలమ్మని,
ఒకసారి వి. లక్ష్మిని.
ఇద్దరిలో ఎవరికీ కార్డు లేదు.
నెత్తురు మాత్రం
ఇద్దరిదీ కలిపి పోతోంది.

సర్కారు కార్డు సంగతి వేరు.
సచివాలయంలో పిల్ల మంచిదే,
నా బొటనవేలు కొంగుతో తుడిచింది,
తడిపింది, తానే పట్టుకుని నొక్కింది.
మెషిన్లో ఎర్రలైటు.
పదహారేళ్ల రొయ్య పెంకులు
నా వేలి గీతల్ని కూడా వలిచేశాయి.
కంటి మెషిను రిపేర్లో ఉందట.
"మీరు మీరేనని రావట్లేదండీ" అంది
తనదే తప్పన్నట్టు.

రాంనగర్లో డాక్టరు ఫీజు మూడొందలు.
స్కానింగు పదకొండొందలు.
"గడ్డలున్నాయి, సంచి తీసేస్తే గొడవ పోతుంది"
అటక మీద గోనెసంచి గురించి చెప్పినట్టు చెప్పాడు.
డెబ్భై ఐదు వేలట.
మా తాత ఏం చూసి వరహాలని పేరు పెట్టాడో!

రక్తం ఆరున్నర.
కొండవాలు మీద మా ఇంటికి నూట ఇరవై మెట్లు.
నలభయ్యో మెట్టు మీద ఒకసారి,
ఎనభయ్యో మెట్టు మీద ఒకసారి కూర్చుంటాను.
అక్కణ్నించి ఓడలు కనిపిస్తాయి,
లంగరేసుకుని, రేవులోకి తమ వంతు కోసం.
వాటికి అద్దె లెక్క కడతారంట, ఊరికే నిలబడ్డ రోజులకి కూడా.

ఒక పూట కూలి వదులుకుని
ఇవాళ ఘోషాసుపత్రికొచ్చాను.
అయిదున్నరకే వరస గేటు దాటింది.
సగం దూరంలో తెలిసింది నాకు,
కోట కూలిందని.
వెనకున్నామె ఎవరో, గొంతులో చుట్ట వాసన,
నా వీపుకి ఆనుకుని నిలబడిపోయింది.
"ఎనక్కి సూడకే పిల్లా, నానున్నాను."
వరస కదిలినప్పుడల్లా
ఇద్దరం ఒక్క మనిషిలా కదిలాం.

బల్ల దగ్గర నర్సు తలెత్తకుండానే
పేరు రాసింది, వయసు రాసింది.
"ఆఖరుసారి ఎప్పుడొచ్చిందమ్మా?"
బాడీలోంచి క్యాలెండరు కాగితం తీసి
మడతలు విప్పి బల్ల మీద పెట్టాను.
"ఎప్పుడు పోయిందని అడగండమ్మా" అన్నాను.
పెన్ను ఆగింది.