అలియాస్

మేయో హాల్ మెట్ల పక్కన
టైపు మిషను ముందు కూర్చున్న శకుంతల మేడం
కళ్ళజోడు పైనుంచి చూసి అడిగింది:
"ఇంతకీ మీ ఇద్దర్లో చెంగల్రాయుడు ఎవరు?"

ఇద్దరం చెయ్యెత్తాం.

నాది అలవాటు.
పదిహేడేళ్లు ఆ పేరు వినపడితే చాలు
బూటు నేలకి కొట్టి "హాజిర్ సాబ్" అన్నవాణ్ణి.
పేరు పుట్టింది మా అన్నతో.
అయినా ఆయన చెయ్యి
నాకంటే ఒక క్షణం ఆలస్యంగా లేచింది.

అరవై ఎనిమిదిలో, ఇదే ఊళ్లో, అలసూరు మైదానంలో
ఎత్తు కొలిచారు, ఛాతీ కొలిచారు,
పళ్లు చూశారు సంతలో కోడెకి చూసినట్టు,
వయసు దగ్గర ఆగారు.
నాకప్పుడు పదిహేను. పలక పట్టింది లేదు.
అన్నకి ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ ఉంది,
మా అమ్మ కందుల డబ్బాలో
పురుగు పట్టకుండా వేపాకు వేసి దాచింది.
"నువ్వు పోరా. నాకు కొండ ఉండాదిలే" అన్నాడు.
కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు.
అంతే.

కుప్పం క్వారీలో ఏం చదివావని ఎవరడుగుతారు?
పోస్టాఫీసులో పని పడిందని ఒకసారి కబురొచ్చిందట,
సర్టిఫికెట్ తెమ్మన్నారట.
ఈ సంగతి నాకు చెప్పింది
యాభై ఏళ్ల తర్వాత, వదిన పోయిన రోజు,
ఏదో వాన గురించి చెప్పినట్టు.

బ్యారక్స్‌లో హవల్దారు నా చేయి పట్టి
మొదట దిద్దించింది అన్న పేరే,
ఇంగ్లీషులో, గాలికి వాలిన గడ్డిలాగా.
డెబ్బై ఒకటిలో
రాత్రికి రాత్రి ఏటి మీద వంతెన వేశాం.
మెడల్ అంచున సన్నగా చెక్కిన పేరు ఆయనది.
భుజంలో దిగిన ఇనప ముక్క నాది.
చలికాలం అది ఎవర్ని సలపాలో దానికి బాగా తెలుసు.

మునెమ్మ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు.
"ఇదిగో" అంటుంది.
ఆ "ఇదిగో"తోనే నలభై ఆరేళ్ల కాపురం.
ఇప్పుడు రికార్డాఫీసు అడుగుతోంది:
ఆధార్‌లో ఈమె గంగులప్ప భార్య,
మా పుస్తకంలో చెంగల్రాయుడు భార్య,
రేపు నువ్వు పోతే
పింఛను ఎవరి భార్యకి పంపాలి?
మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నవ్వో ఏడుపో నాకు అందలేదు.

"గంగులప్ప అలియాస్ చెంగల్రాయుడు"
టకటకా కొట్టింది మేడం.
"అలియాస్ దొంగలకి కదమ్మా రాస్తారు?"
"ఆ మాట లేకుంటే ఫైలు కదలదు తాతా."

సాక్షి సంతకానికి
ఆమె సిరా డబ్బా మూత తీసింది, అన్న వేళ్లు చూసి.
"పెన్నియ్యమ్మా" అన్నాడు.

గోళ్లలో రాతిదుమ్ము ఉన్న చెయ్యి
చెంచా మోసినంత జాగ్రత్తగా పెన్ను మోసింది.
సున్నా గుండ్రంగా చుట్టాడు.
'ల' దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి
క్రావడి కిందినుంచి తెచ్చి ఒంపు తిప్పాడు.
ఎనిమిదో తరగతి దస్తూరి,
యాభై ఏళ్లు ఎవరూ ముట్టని దస్తూరి.

రికార్డాఫీసు కిటికీలో కుర్ర క్లర్కు
రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తలూపాడు.
"సంతకం కలవలేదు సార్.
చెంగల్రాయుడు ఇలా పెట్టడు."

అన్న కిటికీలోకి వంగి
వాలుగా ఉన్న నా అక్షరాల్ని చాలాసేపు చూశాడు.
"ఇంగ్లీషులో నా పేరు ఇట్లుంటాదా" అన్నాడు.
అద్దం మీద వేలితో ఒకసారి దిద్దాడు.

కొత్త అఫిడవిట్ కావాలన్నారు,
రెండు పేపర్లలో ప్రకటన, మళ్లీ సోమవారం.
బెంచీ మీద కూర్చున్నాం ముగ్గురం.
టీ చల్లారింది.

లోపల్నించి ఎవరో పిలిచారు:
"చెంగల్రాయుడు!"

ఈసారి నేను లేవలేదు.
రెండు మోకాళ్లూ గట్టిగా పట్టుకుని కూర్చున్నా.
అన్న నా వైపు చూస్తున్నాడు,
లేస్తానని.